ఒడ్డు మీద వేయకూడని కేక

మైపాడు,
3 ఆగస్టు 2025

మేనకోడలు రోజాకు మేనమామ ముత్యాలయ్య ఆశీస్సులు.

నేను బాగున్నాను. మీ అమ్మ కామమ్మ బాగుంది. మీ అత్త అంకాలమ్మకు నన్ను తిట్టే ఓపిక ఉంది కాబట్టి ఆమె కూడా బాగున్నట్టే.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని నీ ఆఫీసులో నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ముప్పై ఏళ్లు పడవ ఇంజను పక్కన కూర్చున్న చెవులు నావి. ఎదురుగా నిలబడి అరిస్తే వింటాయి. ఫోనులో ఎవరు మాట్లాడినా శనక్కాయలు వేయిస్తున్నట్టే ఉంటుంది. పైగా నేను బడికి పోయినవాణ్ని కాదు. ఎండుచేపలు చుట్టే పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందువల్ల నాకు తెలిసిన ప్రతి వార్తా చింపిన చోట ఆగిపోతుంది. ఒకసారి దొంగ దొరికాడని చదివాను, వాడు ఏం దొంగిలించాడో ఈనాటికీ తెలియదు. ఉత్తరం అలా కాదు, నువ్వు పేరు రాసేదాకా ఉంటుంది.

నువ్వు పంపిన నియమాలు చదివాను. యంత్రం మనిషిలా కనపడేటప్పుడు, మనిషిలా మాట్లాడేటప్పుడు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అని పదమూడు రాశావు. నాలాంటివాడికి అర్థమవుతాయో లేదో చూడమన్నావు. అర్థమయ్యాయి. ఎవరి ముఖాన్నీ వాళ్లను అడక్కుండా వాడకూడదన్నది నాకు నచ్చింది. మా పెళ్లి ఫోటోను కావలిలో ఒక స్టూడియో వాడు అడక్కుండా అద్దాల బీరువాలో పెట్టాడు. నాకు సంతోషమే. మీ అత్త మాత్రం కావలి పోయినప్పుడల్లా ఆ వీధి తప్పించి నడిచేది. అడిగి ఉంటే ఇంకా మంచి చీర కట్టుకొని ఇంకోటి తీయించుకొనేదాన్నంటుంది. నీ నియమం అప్పుడే ఉంటే మా ఇంట్లో సగం గొడవలు ఉండేవి కావు.

సరే, అసలు సంగతికి వస్తాను. మీ కంపెనీ వాళ్లు గిద్యోను అనే మేనేజరుతో కలిసి వచ్చారు. బీచిలో ఒక బోర్డు పెడతారట. వచ్చినవాళ్లు దాని మీదికి ఫోను చూపితే ఇసుకలో ఒక జాలరి నిలబడినట్టు కనిపిస్తాడట. పేరు సుబ్బు. అడిగినవాటికి బోర్డుకు కట్టిన మైకులోంచి జవాబులు కూడా చెప్తాడట, నా చెవులకు కూడా వినపడేంత గట్టిగా. ముఖం యంత్రం కల్పించింది, గొంతు నాది. నన్ను నువ్వే సిఫారసు చేశావని తెలిసి మీ అత్త "లోకంలో ఇంకెవురూ దొరకలేదా దానికి" అంది.

రెండు రోజులు మాట్లాడించారు. అలల గురించి, వలల గురించి, చేపల గురించి. చివర్లో గిద్యోను గారు, "తాతా, పడవ మీద నుంచి ఒడ్డుకు పిలిచే కేక ఒకటి వెయ్యి" అన్నారు.

అక్కడ చిక్కు వచ్చింది. నీకు తెలిసిందే అయినా నా చాదస్తం కొద్దీ మళ్లీ రాస్తాను. మా రోజుల్లో మంచులో పడవ ఎక్కడుందో ఒడ్డుకు కనపడేది కాదు. ఎవడి కేక వాడు వేసేవాడు. కేకను బట్టి ఇంటిది గుర్తుపట్టి, మంచినీళ్ల బిందె తీసుకొని నీళ్ల అంచుకు వచ్చేది. ఉప్పుకు పగిలిన నోటికి ఆ మొదటి గుటక ఎట్లా ఉండేదో రాయడం నా చేత కాదు. ఇప్పుడు అందరికీ సెల్‌ఫోన్లు వచ్చి ఆ కేకలు పోయాయి. కానీ ఒక కట్టుబాటు మిగిలింది. సముద్రం నుంచి తిరిగొచ్చేటప్పుడు తప్ప, ఒడ్డున నిలబడి ఎవడూ తన కేక తాను వేయడు. వేసినవాడు మళ్లీ ఒడ్డు చూడడని భయం. నేను ఇప్పటికీ అడపాదడపా పడవెక్కుతాను కదా, నాకెందుకు వచ్చిన గొడవ? అందుకని నాది వేయలేదు. వేరేవాడిది వేశాను. ఈ తీరంలో అంత మంచి కేక ఇంకొకటి లేదు. ఎవరిదో నువ్వే విని కనిపెట్టు. తెలిస్తే రాయి.

మీ అమ్మ పంపిన రొయ్యపొడి మూట తడ పోయే మనిషి చేతికిచ్చాను. అందులో కొంచెం తగ్గితే ఆ మనిషిని అనుమానించు, నన్ను కాదు.

నీ మామ,
ముత్యాలయ్య

---

తడ,
9 ఆగస్టు 2025

మామకు, అత్తకు రోజా నమస్కారాలు.

రొయ్యపొడి అందింది. తగ్గింది. ఎవరినీ అనుమానించడం లేదు.

నువ్వు మాట్లాడినవన్నీ చాలా బాగా వచ్చాయి. గిద్యోను గారు పొంగిపోయారు. సుబ్బు బొమ్మ మొదట మరీ సినిమా హీరోలా ఉంటే, కాస్త నల్లబరచమన్నాను. పొట్ట కూడా కొంచెం పెట్టించాను. ముఖం ఈ లోకంలో ఎవరిదీ కాదని పరీక్ష చేయించి సంతకం పెట్టింది నేనే. "నువ్వు మనిషివా?" అని ఎవరైనా అడిగితే, కాదని తప్పకుండా చెప్పాలి. అది అయిదో నియమం. గొంతు ఇచ్చిన మనిషి ఒప్పుకోవాలి. అది రెండోది. నువ్వు ఒప్పుకున్నావు. అంతా సక్రమంగా ఉంది మామా.

మీ బీచిలో ఈ నెలాఖరుకు బోర్డు పెడుతున్నారు.

నాన్న కర్మ చేసి వచ్చే నెలకు ఏడాది. ఆయన పడవ తిరిగి రాకపోయినా ఎనిమిదేళ్లు అమ్మ నోటితో "లేడు" అనలేదు, చేప ముట్టలేదు. పోయినేడు తనే ముందుకొచ్చి కర్మ చేయించి, ఆ రాత్రి చేపల పులుసు తిన్నదని నువ్వు రాసినప్పటి నుంచీ నాకు నిద్ర పడుతోంది. ఇప్పుడూ తింటోందా? ఫోనులో అడిగితే "బాగుండా, నువ్వు తిన్నావా" అంటుంది తప్ప ఇంకేమీ చెప్పదు.

రోజా

---

మైపాడు,
1 సెప్టెంబరు 2025

రోజా,

దీవెనలు తర్వాత. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగా లేకపోతే సర్దుకో.

మొన్న శనివారం సుబ్బును తెరిచారు. నెల్లూరు నుంచి కార్లు, ఆటోలు, బస్సు నిండా కాలేజీ పిల్లలు. ఐస్‌క్రీం బండ్లు మూడు. మీ అమ్మ ఎప్పటిలా రోడ్డు వారన ఎండుచేపల గంప ముందు కూర్చుని ఉంది. పక్కనే బిందెలో తాగేనీళ్లు. నేను కొబ్బరాకుల నీడలో కూర్చొని, నా గొంతు లోకమంతా ఎట్లా మోగుతుందో విందామని సింగారించుకొని ఉన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. చెప్పుకుంటే సిగ్గు.

ఎవరో కొత్త దంపతులు ఫోను ఎత్తి బోర్డుకు చూపారు. కేక వచ్చింది.

మీ అమ్మ లేచింది. కూర్చున్న మనిషి ఎట్లా లేచిందో నేను చూడలేదు, లేచి ఉండడమే చూశాను. బిందె చంకన పెట్టుకొని నీళ్ల వైపు పరుగెత్తింది. గంప తన్నుకొని ఎండుచేపలన్నీ ఇసుకలో పడ్డాయి. మోకాటి లోతుదాకా పోయి నిలబడి సముద్రం చూస్తోంది. సముద్రంలో పడవ లేదు. ఏమీ లేదు. అప్పుడు ఆమె వెనకాల, ఒడ్డు మీద, మళ్లీ కేక వచ్చింది. తిరిగి చూసింది. ఆ దంపతులు ఫోను పట్టుకొని నవ్వుతున్నారు. వాళ్లకేం తెలుసు, పాపం.

రోజా, నేను వేసింది మీ నాన్న కేక. మా బావ చెంగయ్యది. మూడు ఎత్తులు, ఒక దింపు, చివర చిన్న తోక. ఇప్పుడు ఎవరూ వాడుకోవడం లేదు కదా అనుకున్నాను. ఏదో మూలనున్న తెడ్డు తీసి ఇచ్చినట్టు ఇచ్చేశాను. అది మైకులోంచి ఊరంతా వినపడుతుందని తెలుసు, కానీ మీ అమ్మ కూడా ఆ ఊళ్లోనే ఉంటుందని తోచలేదు. ఇంత వయసొచ్చి నాకు తోచలేదు.

ఆమె ఏడవలేదు. చేపలు ఏరుకుంది. కానీ నిన్నా, ఇవాళా పోయి, వచ్చినవాళ్లను "ఆ మనిషిని ఒకసారి చూపించండమ్మా" అని అడుగుతోంది. నిన్న రాత్రి మీ అత్త వంజరం చేప కూర పంపిస్తే ముట్టలేదు. తిప్పి పంపింది. ఎనిమిదేళ్లు కష్టపడి బయటపడ్డ మనిషిని నేనూ మీ కంపెనీ కలిసి మళ్లీ మొదటికి తోశాం.

దాన్ని ఆపు. ఉత్తరం అందిన రోజే ఆపు.

మామ

---

తడ,
5 సెప్టెంబరు 2025

మామకు,

నీ ఉత్తరం అందిన వెంటనే గిద్యోను గారి దగ్గరికి పోయాను. ఆయన అన్నమాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "రోజా గారూ, ముఖం ఎవరిదీ కాదు. గొంతు మీ మామగారిది, ఆయన సంతకం ఉంది. మీ నియమాల్లో ఏది తప్పాం, చూపించండి. దసరా సెలవుల రద్దీ ముందుంది, తప్పు చూపిస్తేనే ఆపుతాను."

పదమూడూ ముందు పెట్టుకొని చదివాను. చూపించలేకపోయాను. రాసింది నేనే.

అమ్మకు ఫోన్ చేశాను. "బాగుండా. నువ్వు తిన్నావా?" అంది. బీచిలో ఏం జరిగిందమ్మా అంటే "ఏం జరగతాది, ఎండ" అంది.

సుబ్బు ముఖం నాన్నలా ఉందని అమ్మ అనుకుంటోందా? అదైతే మార్పించగలను. లేదంటే ఒక పని చెయ్యి. "నువ్వు మనిషివా?" అని అడగమని అమ్మకు చెప్పు. కాదని అది తప్పక ఒప్పుకుంటుంది. అమ్మ మనసు కుదుటపడుతుంది. నియమం ఉన్నది అందుకే.

రోజా

---

మైపాడు,
9 సెప్టెంబరు 2025

రోజాకు,

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. నా మేనకోడలు రాసిన ఉత్తరమా, కరెంటాఫీసు నోటీసా అని పేరు కూడా చూశాను.

నిన్న మీ అమ్మ వెంట నేనూ పోయాను. చెప్పకుండా, కాస్త వెనకగా. ఎవరో సూళ్లూరుపేట టీచరమ్మ ఫోను చూపించింది. మీ అమ్మ బిందె కింద పెట్టి, కొంగు సర్దుకొని అడిగింది.

"ఏమయ్యా, ఎప్పుడొస్తావు?"

అది ఏమందో తెలుసా? "ఎక్కువసేపు పట్టదు! రేపు పొద్దెక్కేలోపల వచ్చేస్తాగా! ఎదురుచూస్తూ ఉండండి!"

నా గొంతు రోజా! నేను ఏనాడూ అనని మాట, నా చెల్లెలితో, నా గొంతుతో, నా ఎదురుగా. నేను అక్కడే నోరు మూసుకొని నిలబడి ఉన్నాను, నా నోరు అక్కడ మాట్లాడుతోంది. ఇంజను పట్టీలో పంచె చిక్కుకున్న రోజు కూడా నేను అంత బెదరలేదు. (ఆ కథ ఇంకోసారి రాస్తాను. పంచె పోయింది, నేను మిగిలాను, ఒడ్డుకు రావడం కష్టమైంది.)

అంతటితో కాలేదు. మీ అమ్మ బిందె ఎత్తి, "నీళ్లు తెచ్చినా, తాగతావా?" అంది.

"తాగునీటి కుళాయి పార్కింగ్ పక్కనే ఉంది! మీ పర్యటన ఆనందంగా సాగాలి!"

టీచరమ్మ ఫోను దించేసింది. ఆమె కళ్లు తుడుచుకుంది కానీ మీ అమ్మ తుడుచుకోలేదు. బిందె తీసుకొని వచ్చేసింది. ఈవేళ పొద్దెక్కేలోపల అక్కడే ఉంది. నేను చూశాను.

నువ్వు మనిషివా అని అడగమన్నావు. ఎవరు అడుగుతారమ్మా అట్లా? మా ఇంటికి ఎవడైనా వస్తే "రా, కూర్చో, ఎప్పుడొచ్చినావు" అంటాం. నువ్వు మనిషివా అని ఎవణ్నీ అడగలేదు, మీ అత్త నన్ను తప్ప. నీ అయిదో నియమం అడిగినవాళ్లనే కాపాడుతుంది. ఆశ పెట్టుకున్నవాళ్లు అది అడగరు.

ఇంకొక మాట. ఆ కేక ఎవరిదో కనిపెట్టమని మొదటి ఉత్తరంలో నీకు పొడుపుకథ వేశాను. నువ్వు రొయ్యపొడి గురించి రాశావు, సుబ్బు పొట్ట గురించి రాశావు. దానికి మాత్రం జవాబు రాయలేదు. నీకు ఆ కేక తెలియకుండా ఎట్లా ఉంటుంది? నువ్వు పుట్టినాకే కదా మీ నాన్న దానికి తోక తగిలించింది.

మామ

---

తడ,
13 సెప్టెంబరు 2025

మామా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను.

సుబ్బుతో ఎవరు మాట్లాడినా తప్పులు సరిదిద్దడానికి మా దగ్గర నమోదవుతుంది. బోర్డు కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అవి వినడం కూడా నా పనే. నిన్న తెరిచాను. పిల్లలు, జోకులు, "షార్కులుంటాయా అన్నా?" ఒకటి తర్వాత ఒకటి. మధ్యలో అమ్మ గొంతు. "ఏమయ్యా, ఎప్పుడొస్తావు?"

చెవులకు పెట్టుకున్నవి తీసి బల్ల మీద పెట్టేశాను. పక్క సీటామె ఏమైందంది. ఏమీ కాలేదన్నాను.

నీ పొడుపుకథకు జవాబు నాకు మొదటిరోజే తెలుసు మామా. నీ కేక రికార్డు చేసి పంపిన రోజు ఆఫీసులో నలుగురి మధ్య అది మోగింది. మూడు ఎత్తులు, ఒక దింపు, తోక. ఆ తోక వినపడగానే చిన్నప్పుడు నేను అమ్మ బిందె కంటే ముందు నీళ్లలోకి పోయి నిలబడేదాన్ని. అప్పుడే లేచి "ఇది వద్దు, ఇది పోయిన మనిషిది, ఇంట్లో వాళ్లను అడగలేదు" అని చెప్పాల్సింది నేనే. అందుకే నాకు అక్కడ ఉద్యోగం. చెప్పలేదు. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక తలుపు మూసి మళ్లీ మళ్లీ విన్నాను. నాకు అది కావాలనిపించింది. పద్ధతి ప్రకారం అంతా సక్రమంగా ఉంది కదా అని నాకు నేనే చెప్పుకొని సంతకం పెట్టాను.

ఇంకొకటి. ఎవరికీ చెప్పుకోలేనిది. ఒకరోజు నేను కూడా దాన్ని అడిగాను. "నాన్నా, నన్ను గుర్తుపట్టావా?" అని. యంత్రమని నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? అయినా అడిగాను.

"మైపాడుకు స్వాగతం! మీరు మొదటిసారి వస్తున్నారా?" అంది.

నేను నియమాలు రాసేదాన్ని మామా. నేనే ఇట్లా అయితే అమ్మను ఏమనగలను?

గిద్యోను గారికి అంతా చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. "మీరు చెప్పకుండా ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు" అన్నారు. ఆ కేక ఆపించారు. బోర్డుకు ముసుగు వేయమన్నారు. "వచ్చేస్తాను, ఎదురుచూడండి" లాంటి మాటలు ఇక చెప్పకుండా చేస్తున్నారు. కేక ఉన్న అసలు రికార్డు మాత్రం నన్నే చెరిపెయ్యమన్నారు, పొరపాటున ఇంకెవరూ వాడకుండా.

చెరపలేదు. ఒక్క కాపీ నా దగ్గర ఉంచుకోవచ్చా? నేనొక్కదాన్నే వింటాను. అమ్మకు చెప్పకు.

రోజా

---

మైపాడు,
18 సెప్టెంబరు 2025

రోజాకు,

మీ అమ్మకు చెప్పేశాను. చెప్పకు అని నువ్వు రాసిన ముక్కతో సహా ఉత్తరమంతా చదివి వినిపించాను. తిట్టుకో. ఈ ఇంట్లో ఒకరి గురించి ఒకరం అనుకునే మాటలన్నీ వాళ్ల వెనకాలే నడుస్తున్నాయి, ఈ మాట అప్పుడే తట్టింది నాకు.

వాకిట్లో మీ అత్త రొయ్యలు వలుస్తోంది. మీ అమ్మ మెట్టు మీద కూర్చుంది. అంతా విని, నా వైపు ఎట్లా చూసిందంటే, చెడిపోయిన చేపను గంపలో వేసినవాణ్ని చూసినట్టు.

"నాకు పిచ్చి లేచిందనుకున్నారా ఇద్దరూ?" అంది.

నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"కేక ఆయనది. గొంతు నీది. ఆ మాత్రం నాకు తెలవదా అన్నా? ఆయనకు దింపులో విరుపు ఉండాది. నీకు యాడిది? నీది పొగాకు గొంతు. రెండోసారి వినేటప్పటికే తెలిసిపోయింది నాకు."

"మరి బిందె ఎత్తుకొని పరిగెత్తినావే!"

"నేనా పరిగెత్తింది? కాళ్లు పరిగెత్తినాయి. కాళ్లకేం తెలుసు, ఇన్నేళ్ల అలవాటు."

"మరి రోజూ పోయి ఎప్పుడొస్తావని అడగతావుంటివి?"

"ఎన్ని అబద్దాలు చెప్తాదో చూద్దామని. ఆయన తొమ్మిదేళ్లుగా ఒక్క మాట చెప్పలేదు. ఇది అడిగిన వెంటనే రేపొస్తానంటాది. దీనికి సిగ్గుండాదా అని చూస్తుండా. బిందె చూపించినా. కుళాయి చూపించింది."

మీ అత్త అంత గొడవలోనూ నవ్వింది. నేను నా ఆఖరి అస్త్రం తీశాను.

"వంజరం కూర ఎందుకు తిప్పి పంపినావు? మళ్లీ ఒట్టు పెట్టుకోలేదూ?"

"దవడపన్ను పీకించుకున్నా గదా! ముల్లు దిగతాదని ముట్టలా. వదిన వెంటొచ్చింది ఆస్పత్రికి. అన్నకు చెప్పలా వదినా?"

"మూడుసార్లు చెప్పినా, ఆయన చెవులకు" అంది మీ అత్త. "ఇద్దరు ఆడోళ్లం ఆటో ఎక్కిపోతావుంటే యాడికి అని కూడా అడగలా. పేపరు ముక్క పట్టుకొని కూర్చున్నాడు."

చూశావా రోజా, నువ్వు నిద్రపోకుండా, నేను అన్నం మానేసి, ఒక పన్ను కోసం ఎంత సముద్రం ఈదామో. నవ్వాలో ఏడవాలో తెలియక నేను నీడలోకి పోయి కూర్చున్నాను. అప్పుడు మీ అమ్మ నా వెనకాలే వచ్చింది. ఈసారి గొంతు వేరే.

"ఆ కేక ఎవురిదన్నా?"

"బావది."

"కాదు. ఆయన దాన్ని నీ కోసం వేసినాడా? బీచికి వచ్చినోళ్ల కోసం వేసినాడా? సముద్రం మీద అంతమంది వింటావున్నా, అది నా కోసం వేసినాడు. నేను వినాలని వేసినాడు. అది నాది. ఆయన లేడు గదా, ఇంకెవురినడగాల అనుకున్నారు మీరు. నన్ను అడగాల. గడప దాటి నాలుగిళ్ల అవతల ఉండా. ఒక్కరన్నా అడిగినారా?"

ఆ మాట నీ పదమూడు నియమాల్లో లేదు. ఇచ్చినవాణ్ని అడగమని రాశావు. ఎవరి కోసం ఇచ్చాడో వాళ్లను అడగమని రాయలేదు. నేను కూడా చదివి, బాగుంది అన్నాను, కావలి ఫోటో కథ చెప్పి మురిసిపోయాను.

కాపీ సంగతి అడిగాను. కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు ఇసుక గీసింది.

"ముందరిదంతా నాది. నాకు వద్దు, తీసెయ్యమను. తిరిగొచ్చినోడు వెయ్యాల ఆ కేక. రానోడితో ఎందుకు వేయించడం? తోక మటుకు దానిది. అది పుట్టినాక దాని కోసం తగిలించినాడు. దాని ఇష్టం. దాచుకుంటానంటే దాచుకోమను, నేనేమీ అనుకోను." లేచి వెళ్తూ వెళ్తూ మళ్లీ తిరిగింది. "దొంగతనంగా వినొద్దను. తలుపేసుకొని ఒక్కతే కూర్చొని వినడం, అది మటుకు బాగాలేదు నాకు."

ఇక నీ చేతిలో ఉంది.

మామ

---

తడ,
24 సెప్టెంబరు 2025

మామకు,

అమ్మ మాటలు చదివి నవ్వాను, తర్వాత మేడ మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ఆ పన్ను గురించి నాకు ఫోనులో ఒక్క ముక్క చెప్పలేదు చూడు. "బాగుండా, నువ్వు తిన్నావా."

పద్నాలుగో నియమం రాశాను. "ఒక పిలుపు, ఒక పాట, ఒక మాట ఎవరి కోసం పుట్టిందో వాళ్లు ఉన్నంతకాలం వాళ్లను అడగకుండా యంత్రం చేత పలికించకూడదు." గిద్యోను గారు ఇది పాటించడం ఎంత కష్టమో అరగంట చెప్పారు. నేను అమ్మ అడిగింది, సుబ్బు చెప్పింది ఆయనకు వినిపించాను. కుళాయి దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమన్నారు. నియమం నిలిచింది. దాంతోపాటు అయిదోది కూడా తిరగరాశాను. అడిగినా అడగకపోయినా, తను మనిషిని కానని అదే ముందు చెప్పాలి.

కేక చెరిపేశాను. తోక కూడా. చెరిపే ముందు తోకను మాత్రం కత్తిరించి పక్కన పెట్టుకున్నాను. విన్నాను. ముందరిది లేకుండా అది ఏదో పక్షి అరిచినట్టుంది. అమ్మ కోసం వేసిన దాని చివరే నా కోసం వేశాడు నాన్న, విడిగా వేయలేదు. చెరిపేశాను.

ఆ సాయంత్రం కంపెనీ గేటు దగ్గర బస్సు కోసం నిలబడి, ఎవరూ లేరని చూసుకొని, నోటితో సన్నగా అని చూశాను. తోక వచ్చింది మామా! వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు. ఇన్నాళ్లూ నా నోట్లోనే ఉంది, నేను కంప్యూటర్లో దాచాలని చూశాను.

తిరిగొచ్చేవాళ్లు వేయొచ్చు కదా ఆ కేక? ఆదివారం పొద్దున వస్తున్నాను. బస్సు దిగి వేస్తాను. ఎవరి కోసమో వాళ్లను ముందే అడుగుతున్నాను, అమ్మకు ఇష్టమేనా కనుక్కో. ఇష్టమైతే బిందెతో రమ్మను.

సుబ్బుకు వేరే కేక కావాలట. గిద్యోను గారు నీది ఇస్తావేమో అడగమన్నారు.

రోజా

---

మైపాడు,
29 సెప్టెంబరు 2025

మేనకోడలు రోజాకు మామ ఆశీస్సులు.

నిన్న సాయంత్రం నిన్ను బస్సెక్కించి ఇరవై నాలుగు గంటలు కాలేదు, అప్పుడే ఉత్తరమేమిటంటావు. ఎదురుగా ఉన్నప్పుడు మీ అత్త నన్ను మాట్లాడనివ్వలేదు.

నీ కేక అధ్వానం. మొదటి ఎత్తు మరీ పైకి పోయింది, మూడోది మరిచిపోయావు, తోక మేకపిల్లలా ఉంది. ఆటోవాళ్లు హారన్లు కొట్టి నీకు వంత పాడారు. ఊళ్లో కుక్కలు ఇంకా ఆలోచిస్తున్నాయి.

అయితే బస్సు అడ్డం ఉండి నువ్వు చూడనిది ఒకటి రాయాలి. మీ అమ్మ తెల్లవారకముందే బిందె తోమి నీళ్లు నింపింది. ఇష్టమేనా అని నేను అడిగితే "బిందె తోముకోకూడదా?" అంది. బస్సు వచ్చే వేళకు గంప ముందు కూర్చొని రోడ్డు వైపు చూడకుండా, చాలా కష్టపడి సముద్రం వైపు చూస్తోంది. నీ మేకపిల్ల అరిచింది. అంతే. ఈసారి కూడా కాళ్లే పరిగెత్తాయని చెప్తుంది కానీ, నేను ముఖం చూశాను. బిందెలో సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. నువ్వు తాగింది మిగతా సగం.

గిద్యోను గారి సంగతి. పద్ధతి ప్రకారం చేద్దామని, నేను ఎవరి కోసం నా కేక వేసేవాణ్నో ఆ మనిషిని, మీ అత్తను, అడిగాను. "ఇచ్చెయ్, ఒడ్డున కూర్చొని తినేవాడివి, నీకు కేకతో ఏం పని" అంటుందనుకున్నాను. వలుస్తున్న రొయ్య చేతిలో అట్లాగే ఉంది. నలభై ఏళ్లుగా ఇంతసేపు మాట్లాడకుండా ఉండగా నేను ఆమెను చూడలేదు.

"వద్దు" అంది.

ఎందుకని అడగలేదు. నీ సుబ్బుకు కేక దొరకలేదని, అడగాల్సిన మనిషిని అడిగామని, ఆమె వద్దన్నదని గిద్యోను గారికి చెప్పు.

నీ మామ,
ముత్యాలయ్య